పరెంజానా: పాత రైలు దారిలో త్రియెస్తె నుంచి పోరెచ్ దాకా సైకిల్ మీద

మీ ప్రశ్న ఇది: మ్యూనిక్‌లో ఉంటున్న ఇద్దరు, కార్ల భయం లేని దారి కావాలి, కొండల మీద పాత రాతి ఊళ్లు చూడాలి, రోజుకు 40 కి.మీ. మించి తొక్కలేరు. సైకిళ్లు 35 మి.మీ. టైర్లున్న మామూలు సిటీ సైకిళ్లు, తిండి శాకాహారం, వెళ్లేది సెప్టెంబరులో. అడ్రియాటిక్ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఇస్త్రియా ద్వీపకల్పంలోని పరెంజానా సైకిల్ దారి మీకు సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది. నాలుగు రోజులు చాలు. అయితే ఎక్కుడు గురించి మీరు పడుతున్న భయంలో సగం టైర్ల మీద పెట్టండి. ఈ దారిలో ప్రయాణాన్ని పాడు చేసేది కొండ కాదు, చక్రం కింద కంకర. దాని తర్వాత నీళ్లు.

ముందు దారి సంగతి. ఆస్ట్రియా-హంగరీ కాలంలో త్రియెస్తె నుంచి పోరెచ్‌కు 760 మి.మీ. వెడల్పు పట్టాలతో ఒక చిన్న రైలు మార్గం వేశారు. 1902లో మొదలైంది, 1935లో మూసేశారు, తర్వాత పట్టాలు పీకేశారు. మొత్తం 123 కి.మీ.లో సుమారు 13 కి.మీ. ఇటలీలో, 32 కి.మీ. స్లొవేనియాలో, మిగిలిన 78 కి.మీ. క్రొయేషియాలో ఉన్నాయి. పట్టాలు పోయినా సొరంగాలు, వంతెనలు, కొండ కోసి తీసిన కోతలు మిగిలాయి. ఇప్పుడు అదే సైకిల్ దారి. ఆవిరి ఇంజిన్ ఎక్కగలగాలి కాబట్టి ఎక్కడా వాలు వెయ్యికి 28 దాటదు, అంటే 2.8 శాతం. ఆరోగ్యంగా ఉన్న మనిషి చిన్న గేరులో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కే వాలు అది.

మొత్తం దారిలో పెద్ద ఎక్కుళ్లు రెండే. సముద్రమట్టం నుంచి గ్రోజ్‌న్యాన్ దగ్గర 293 మీటర్ల దాకా ఒకటి. అక్కడి నుంచి మిర్నా నది లోయలో లివాదె దాకా దిగుతారు, అది సముద్రమట్టానికి పదిహేను మీటర్లు కూడా ఉండదు. ఆ దిగుడు సుమారు 20 కి.మీ. పొడవునా సాగుతుంది, సగటు వాలు ఒకటిన్నర శాతం లోపే. ఆ తర్వాత విజినాదా వైపు మళ్లీ 250 మీటర్ల ఎత్తు దాకా రెండో ఎక్కుడు. అక్కడ పీఠభూమి మీదికి చేరాక పోరెచ్ దాకా నెమ్మదిగా దిగడమే.

ఇక అసలు విషయం, టైర్లు. స్లొవేనియా భాగం దాదాపు అంతా తారు. క్రొయేషియాలోకి వెళ్లాక ఎక్కువ భాగం పగలగొట్టిన సున్నపురాయి కంకర. కొన్నిచోట్ల రోలరు తొక్కి గట్టిపడి ఉంటుంది, కొన్నిచోట్ల, ముఖ్యంగా గ్రోజ్‌న్యాన్ నుంచి లివాదె దిగేటప్పుడు, వదులుగా పరిచినట్టు ఉంటుంది. సున్నపురాయి పగిలితే అంచులు పదునుగా వస్తాయి. 35 మి.మీ. టైరులో గాలి తగ్గిస్తే ట్యూబ్ రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి రెండు పక్కపక్క చిల్లులు పడతాయి. గాలి నింపి గట్టిగా పెడితే ముందు చక్రం మలుపులో కంకర మీద జారుతుంది. ఈ రెండింటి మధ్య 35 మి.మీ.కి దొరికే సందు చాలా చిన్నది. లగేజీ ఉంటే అసలు ఉండదు.

అందుకే 45 మి.మీ. వేయించుకోండి. ఫ్రేము ఒప్పుకుంటే 50 ఇంకా మంచిది. కొనే ముందు వెనక చక్రం దగ్గర ఫ్రేము కొలవండి: టైరుకూ ఫ్రేముకూ మధ్య రెండు వైపులా కనీసం 6 మి.మీ. ఖాళీ మిగలాలి, మడ్‌గార్డుకు 10 మి.మీ. అంతకంటే తక్కువైతే ఒక గులకరాయి టైరు అంటుకుని పైకి వచ్చి మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ముందు చక్రానికి ఇది జరిగితే మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. ఖాళీ సరిపోకపోతే ముందు మడ్‌గార్డు తీసేసి వెళ్లండి. సెప్టెంబరులో అది లేకపోయినా నష్టం లేదు.

గాలి ఎంత పెట్టాలన్నది మనిషి, సైకిల్, సామాను కలిపి చూసుకోవాలి. మొత్తం 100 కిలోలు అనుకుంటే 45 మి.మీ. టైరుకు ముందు 2.2 బార్, వెనక 2.6 బార్ దగ్గర మొదలుపెట్టండి. పీఎస్‌ఐలో సుమారు 32, 38. రిమ్ముకు రాయి తగిలిన చప్పుడు వినిపిస్తే 0.2 పెంచండి. కోపర్, ఈజోలా తారు మీద ఈ గాలితో కాస్త బరువుగా అనిపిస్తుంది. అక్కడ ఎక్కువ పెట్టి సరిహద్దు దాటాక తగ్గించుకోవచ్చు, తగ్గించడం మాత్రం మరిచిపోకూడదు. చిన్న గేజ్ ఒకటి దగ్గర ఉంచుకోండి, బొటనవేలితో నొక్కి చూస్తే 2 బార్‌కూ 3 బార్‌కూ తేడా తెలియదు.

వెంట తీసుకెళ్లాల్సిన సామాను: ఒక్కో సైకిల్‌కు రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు పక్కగోడ చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి, చైను లింకు, మీ ఫ్రేముకు సరిపోయే డిరెయిలర్ హ్యాంగరు (వెనక గేర్లు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). హ్యాంగరు ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, పల్లెటూరి కొట్టులో దొరకదు. సైకిల్ కుడివైపు పడిపోతే ముందు వంగేది అదే. అలాగే ఒక జత బ్రేక్ ప్యాడ్లు. తడిసిన సున్నపురాయి దుమ్ము సానబట్టే పొడిలా పనిచేస్తుంది, ఒక్క వాన రోజున ప్యాడ్లు సగానికి అరిగిపోవచ్చు. రిమ్ బ్రేకులుంటే రోజూ సాయంత్రం రిమ్మూ ప్యాడూ గుడ్డతో తుడవండి. చైనుకు పల్చటి పొడి నూనె (డ్రై లూబ్) వాడండి. చిక్కటి నూనె తెల్ల దుమ్మును పీల్చుకుని ముద్ద కడుతుంది.

క్యారియర్ బోల్టుల సంగతి చాలామంది పట్టించుకోరు. కంకర మీద గంటల తరబడి అదురుడు ఉంటుంది కదా, ఎం5 బోల్టులు తెలియకుండానే వదులవుతాయి. బయల్దేరే ముందు ప్రతి బోల్టుకూ థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించండి, రోజూ పొద్దున ఒకసారి చేత్తో కదిపి చూడండి. ఒక బోల్టు ఊడితే రెండోదాని మీద బరువంతా పడి అది విరుగుతుంది, విరిగిన ముక్క ఫ్రేములోనే ఉండిపోతుంది. దాన్ని దారిలో తీయలేరు. క్యారియర్ పక్కల వేలాడే ప్యానియర్ సంచులను పైకొక్కేలతోనే వదిలేయకుండా కింద పట్టీతో కూడా కట్టండి. మనిషికి సామాను 10 కిలోలు దాటనివ్వకండి, రోజూ గదుల్లో పడుకునేవాళ్లకు అంతకు మించి అవసరం రాదు.

ఇప్పుడు రోజులవారీగా. త్రియెస్తె నుంచి ముజ్జా దాకా పాత లైను పారిశ్రామిక ప్రాంతం గుండా పోతుంది, లారీలు, కూడళ్లు, చూడ్డానికి ఏమీ లేదు. త్రియెస్తె రేవు నుంచి ముజ్జాకు చిన్న పడవ నడుస్తుంది, సైకిళ్లను కొన్నింటిని ఎక్కించుకుంటారు. కార్లు వద్దన్నారు కాబట్టి నా సలహా పడవే. ముజ్జా తర్వాత ష్కోఫియె ఎక్కి దిగితే కోపర్. కోపర్ నుంచి ఈజోలాకు సముద్రం పక్కనే పాత తీరరోడ్డు ఉంది. కొండ కింద సొరంగం తవ్వి కార్లను అటు మళ్లించాక ఆ రోడ్డును నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేశారు. ఈజోలా దాటాక రెండు సొరంగాలు వస్తాయి. రెండోది, పోర్తోరోజ్‌కు ముందు వచ్చే వాలెతా, అర కిలోమీటరు పైనే ఉంటుంది, లోపల దీపాలున్నాయి. మొదటి రాత్రి పోర్తోరోజ్ లేదా దాని పక్కన లూసియాలో ఆగండి. పడవ వాడితే 35 కి.మీ. లోపే.

రెండో రోజు సెచోవ్లె ఉప్పు మడుల పక్కగా వెళ్తారు. ఇప్పటికీ చేత్తో ఉప్పు తీస్తున్న మడులు అవి. వెంటనే సరిహద్దు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లోనూ (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని దేశాల కూటమి) యూరోలోనూ ఉంది. కాబట్టి జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మీకు వేరే వీసా, వేరే డబ్బు అక్కర్లేదు. కానీ ఈ సరిహద్దుల్లో తాత్కాలిక తనిఖీలు మళ్లీ పెట్టిన సందర్భాలున్నాయి. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ అసలువే పైసంచిలో ఉంచుకోండి, ఫోనులో ఫొటో చెల్లదు. సరిహద్దు చుట్టుపక్కల కొంత దూరం మామూలు రోడ్డు మీద తొక్కాలి. మొత్తం ప్రయాణంలో కార్లతో ఇబ్బంది ఉండేది ఇక్కడే. ముఖ్యంగా శనివారం, ఎందుకంటే తీరంలో అద్దె ఇళ్లు ఖాళీ చేసేది, కొత్తవాళ్లు దిగేది ఆ రోజే. మీ రెండో రోజు శనివారం పడకుండా చూసుకోండి.

అక్కడి నుంచి బూయె, ఆ తర్వాత గ్రోజ్‌న్యాన్. కంకర మొదలవుతుంది, రెండు పక్కలా ఓక్ చెట్లు, మధ్యలో ఎర్రమట్టి ద్రాక్షతోటలు. ఈ ఎక్కుడులో తొందరపడకండి. తారు మీద గంటకు 16 కి.మీ. వెళ్లేవాళ్లు ఇక్కడ 10 నుంచి 12 మాత్రమే వెళ్తారు. 30 కి.మీ.కి మూడు గంటలు, ఆగేది వేరే అని లెక్క వేసుకుంటే సాయంత్రం కంగారు ఉండదు.

గ్రోజ్‌న్యాన్‌లో ఒక రాత్రి తప్పకుండా ఉండండి. 1358 నుంచి 1797 దాకా వెనిస్ ఏలుబడిలో ఉన్న ఊరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటాలియన్ మాట్లాడే జనంలో ఎక్కువమంది ఇస్త్రియా వదిలి వెళ్లిపోయారు, ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. 1965లో ఇక్కడి ఖాళీ ఇళ్లను చిత్రకారులకూ శిల్పులకూ ఇచ్చారు, అలా ఈ ఊరు నిలబడింది. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న జావ్‌ర్ష్యెకు ఆ అదృష్టం పట్టలేదు. ఐవీ తీగ కిటికీలోంచి లోపలికి వెళ్లి పైకప్పు లేని చోట బయటికి వచ్చిన ఇళ్లు, ఒకవైపు ఒరిగిన గంటగోపురం, రెండు మూడు ఇళ్లలో మాత్రం దీపం. రెండు ఊళ్లనూ ఒకే పూట చూస్తేనే ఈ ప్రాంతం కథ అర్థమవుతుంది. అందుకే మూడో రోజు పొద్దున్నే బయల్దేరి జావ్‌ర్ష్యెలో గంటసేపు ఆగమని చెబుతాను.

ఇక్కడే ఇంకో విషయం. వాలు 2.8 శాతమే అన్న మాట రైలు దారికి వర్తిస్తుంది, ఊళ్లకు కాదు. మధ్యయుగాల ఊళ్లు రక్షణ కోసం కొండ కొసన కట్టినవి. రైలు అక్కడిదాకా ఎక్కలేక కింద నుంచే పోయింది. గ్రోజ్‌న్యాన్ స్టేషను ఊరికి దగ్గరే, కానీ ఓపర్తాల్, మోతోవున్ స్టేషన్లు ఊళ్లకు బాగా కింద ఉన్నాయి. స్టేషను పేరు చూసి అక్కడ గది బుక్ చేసుకున్నవాళ్లు రోజు చివర్లో, అలసిపోయాక, నిటారు ఎక్కుడు ఎక్కాల్సి వస్తుంది. మోతోవున్ 277 మీటర్ల ఎత్తున ఉంది. లోయ నుంచి పైకి 1052 మెట్లున్నాయి, సైకిల్‌తో అయితే రోడ్డే దిక్కు. మీ సైకిళ్లలో అతి చిన్న గేరు, అంటే ముందు పళ్ల సంఖ్యను వెనక పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, 1 కంటే తక్కువ ఉంటే తొక్కుకుంటూ వెళ్లొచ్చు. లేకపోతే దిగి నడిపించండి. ఊళ్లోకి వెళ్లాక నున్నగా అరిగిన రాతిపరుపు ఉంటుంది, తడిస్తే సబ్బు పూసినట్టు జారుతుంది. అక్కడ అందరూ దిగాల్సిందే. సామాను కింద గదిలో పెట్టి ఖాళీగా పైకి వెళ్లి కోటగోడ మీద చుట్టూ నడిచి రావడం అన్నిటికన్నా హాయి.

గ్రోజ్‌న్యాన్-లివాదె మధ్య సొరంగాలు, లోయల మీద రాతి వంతెనలు ఎక్కువ. కొన్ని సొరంగాల్లో మనిషి వస్తే వెలిగే దీపాలు పెట్టారు, కానీ వాటిని నమ్ముకోకూడదు. ముందు కనీసం 200 ల్యూమెన్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. ఎండలోంచి లోపలికి వెళ్లగానే కొన్ని సెకన్లు కళ్లకు ఏమీ కనపడదు. వేగం తగ్గించి, నల్లకళ్లద్దాలు తీసి, అప్పుడు లోపలికి వెళ్లండి. నేల తడిగా, కొన్నిచోట్ల గుంటలుగా ఉంటుంది. ఎదురుగా గుంపులు వస్తుంటాయి కాబట్టి ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు వెళ్లండి.

లివాదెలో పరెంజానా గురించి చిన్న మ్యూజియం ఉంది. ఈ ఊరు ట్రఫుల్ పుట్టగొడుగులకు పేరు. 1999లో దగ్గర్లో 1.31 కిలోల తెల్ల ట్రఫుల్ దొరికింది. శాకాహారులకు ఇది నిజంగా కలిసొచ్చే చోటు: ఫుజి అనే చేతితో చుట్టిన పాస్తా మీద ట్రఫుల్ తురిమి పెడతారు, అందులో మాంసం ఉండదు. తెల్ల ట్రఫుల్ కాలం సెప్టెంబరులోనే మొదలవుతుంది. చిక్కుడు గింజల సూపు మనెష్ట్రా మాత్రం చూసి తీసుకోండి, చూడ్డానికి కూరగాయల సూపే అయినా పందిమాంసం ఎముక వేసి కాచడం అలవాటు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ‘బెజ్ మెసా’ అనండి, మాంసం లేకుండా అని. సూపు విషయంలో ఎముక కూడా వద్దని విడిగా అడగండి.

ఆదివారం సంగతి ముందే చెబుతున్నాను. 2023 జులై నుంచి క్రొయేషియాలో దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరవొచ్చని చట్టం వచ్చింది. స్లొవేనియాలోనూ ఆదివారం చాలా దుకాణాలు మూసే ఉంటాయి. హోటళ్లు, కాఫీ కొట్లు ఉంటాయి గానీ బ్రెడ్డు, పండ్లు, చీజ్ శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోవాలి.

నీళ్లు. సున్నపురాయి నేల వాన పడగానే పగుళ్లలోంచి కిందికి లాగేస్తుంది. బెలూం గుహల ప్రాంతం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, పైన బీడు, కింద నీటి దారి. ఇస్త్రియా పీఠభూమి కూడా అంతే, మ్యాపులో పచ్చగా కనిపించినా దారి పక్కన వాగు ఉండదు. మిర్నా లోయలో నది ఉంది, దాని నీళ్లు తాగేవి కావు. బూయె, గ్రోజ్‌న్యాన్, లివాదె, విజినాదా, ఈ నాలుగుచోట్లా సీసాలు నిండుగా పెట్టుకుని కదలండి. సెప్టెంబరు మొదట్లో మనిషికి 3 లీటర్లు, నెల చివరికి 2 సరిపోతాయి. జులై, ఆగస్టు అయితే ఈ దారి వద్దని చెప్పేవాణ్ని. తెల్ల కంకర మీద నుంచి ఎండ తిరిగి ముఖానికి కొడుతుంది.

వాన పడితే? సున్నపురాయి మీద దారి గంటలో ఆరిపోతుంది. ఎర్రమట్టి, మిర్నా లోయ పక్కల ఉండే బూడిదరంగు బంకమట్టి మాత్రం టైరుకు పట్టి మడ్‌గార్డు కింద నిండిపోతుంది. చక్రం తిరగకపోతే బలవంతంగా తొక్కకండి, చైను తెగేది, హ్యాంగరు వంగేది అప్పుడే. పుల్లతో గీకి, పక్కనే తారు రోడ్డుంటే అటు మారండి.

గాలి విషయంలో ఈశాన్యం నుంచి వచ్చే బోరాను తేలిగ్గా తీసుకోవద్దు. 1910లో ముజ్జా దగ్గర ఈ లైను మీదే రైలును పడగొట్టిన గాలి అది. చలికాలంలో ఎక్కువ, సెప్టెంబరులో అరుదు. హెచ్చరిక వస్తే వంతెనల మీద సైకిల్ ఎక్కకుండా నడవండి. త్రియెస్తె నుంచి పోరెచ్ వైపు తొక్కితే ఆ గాలి ఎక్కువగా వీపు వైపు నుంచి వస్తుంది. తిరుగు దిశలో వద్దనడానికి నాకు ఇదొక కారణం. ఇంకోటి, తారు ముందు, కంకర తర్వాత వస్తే చేతులకు అలవాటు పడే సమయం దొరుకుతుంది.

గడ్డిలో కూర్చునేటప్పుడు పిడుదులు చూసుకోండి. స్లొవేనియాలో వాటివల్ల మెదడువాపు వస్తుంది, జర్మనీలో ఉన్న మీకు దాని టీకా దొరుకుతుంది, వారాల ముందే మొదలుపెట్టాలి. ఎండ కాచుకునే రాళ్ల మీద ముక్కు మీద కొమ్ములాంటి పొలుసున్న విషపు పాము ఉండొచ్చు. రాతిగోడ సందుల్లో చేయి పెట్టకపోతే చాలు. మూడు దేశాల్లోనూ అత్యవసర నంబరు 112.

నాలుగో రోజు మోతోవున్ నుంచి పోరెచ్ సుమారు 45 కి.మీ., మీ హద్దుకు కాస్త ఎక్కువ. పొద్దున ఏడున్నరకల్లా బయల్దేరితే కరోయ్‌బా, రకోతులె మీదుగా విజినాదా ఎక్కుడు నీడలో అయిపోతుంది. తర్వాత విష్న్యాన్ వైపు తోటల మధ్య సుఖమైన దారి. చివరి కొద్ది కిలోమీటర్లు పోరెచ్ పట్టణంలో కార్లుంటాయి. 45 ఎక్కువ అనిపిస్తే మూడో రాత్రి మోతోవున్‌లో కాకుండా విజినాదాలో గది చూసుకోండి, మోతోవున్ మధ్యాహ్నం చూసి ముందుకు వెళ్లిపోవచ్చు.

తిరుగు ప్రయాణం ముందే తేల్చుకోండి, పోరెచ్‌కు రైలు లేదు. బస్సులో సైకిల్ ఎక్కించుకోవడం ఆ బస్సును బట్టి, ఆ రోజు డిక్కీలో ఖాళీని బట్టి ఉంటుంది. సైకిల్‌కు చోటు విడిగా అమ్మే బస్సు టికెట్టే కొనండి. అదనంగా పెద్ద తేలిక సంచి ఒకటి, 15 మి.మీ. పెడల్ రెంచి దగ్గర పెట్టుకోండి, మీ పెడల్ అలెన్ కీతో విప్పేది అయితే 8 లేదా 6 మి.మీ. కీ. పెడల్స్ తీసి, హ్యాండిల్ తిప్పి, ముందు చక్రం విప్పి సంచిలో పెడితే సైకిల్ సామాను కిందికి వస్తుంది, చాలామంది డ్రైవర్లు ఒప్పుకుంటారు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, విప్పేటప్పుడు గుర్తుంచుకోండి. ఒకవేళ మ్యూనిక్ నుంచి కారులోనే వచ్చేట్టయితే ఈ తలనొప్పి అక్కర్లేదు: లివాదెలో మూడు రాత్రులు గది తీసుకుని, ఒక రోజు గ్రోజ్‌న్యాన్ దాకా వెళ్లి రండి, ఇంకో రోజు విజినాదా దాకా. రెండూ పోనూ రానూ 40 కి.మీ. దరిదాపుల్లోనే. సొరంగాలు, వంతెనలు, ఊళ్లలో మంచివన్నీ ఈ రెండు ముక్కల్లోనే ఉన్నాయి, సామాను గదిలో వదిలి తొక్కుతారు కాబట్టి వెనక టైరులో 0.3 బార్ తగ్గించుకోవచ్చు.